కోలా కొండల్లో మంచినీళ్ల కోసం

గుడిలో దేవుడి ముందు కోలా. పెళ్లి సంబంధం అడగడానికి వెళ్తే కోలా. తగవు తీరి చేతులు కలిపినా కోలాయే! మెక్సికో దక్షిణాన చియాపాస్ కొండల్లో బతికే మాయా ప్రజల జీవితంలోకి ఆ నల్లటి సీసా అంతగా చొచ్చుకుపోయింది. ఇప్పుడు దాన్ని మెల్లగా పక్కకు జరిపి, ఆ చోట మంచినీళ్లనూ తాతలనాటి అంబలినీ పెట్టాలని చూస్తున్నారు. ఆ ప్రయత్నం అనుకున్నంత తేలిక కాదని ఆ ఊళ్లు చూస్తే అర్థమవుతుంది.

బయటి నుంచి చూస్తే అది మామూలు చర్చే. తెల్లటి గోడలు, వాకిలి చుట్టూ ఆకుపచ్చ, నీలి రంగుల కమాను. లోపలికి అడుగుపెడితేనే ఆశ్చర్యం మొదలవుతుంది. కూర్చోవడానికి ఒక్క బల్ల కూడా ఉండదు. నేలంతా పచ్చటి పైన్ ఆకులు పరిచి ఉంటాయి. వాటిని కాస్త పక్కకు నెట్టి, నేలమీదే వరసలు వరసలుగా కొవ్వొత్తులు అంటిస్తారు. గాలి నిండా ధూపం. గోడల వెంబడి అద్దాల బీరువాల్లో పునీతుల విగ్రహాలు. కొవ్వొత్తుల ముందు మోకాళ్లమీద కూర్చున్న కుటుంబాలు, వారి పక్కన ఓ నాటు వైద్యురాలు. చేతిలో కోడిగుడ్డు, ఒక్కోసారి బతికున్న కోడి. పెదవులమీద త్సోట్సిల్ భాషలో సన్నగా సాగే ప్రార్థన. ఆమె ముందు చెరకుతో కాచిన పోష్ అనే నాటుసారా సీసా ఉంటుంది. దాని పక్కనే కోలా సీసాలూ ఉంటాయి.

ఈ ఊరి పేరు శాన్ హువాన్ చమూలా. చియాపాస్ రాష్ట్రంలో త్సోట్సిల్ మాట్లాడేవారు 2020 జనాభా లెక్కల ప్రకారం ఐదు లక్షల మందికి పైనే. వారికి ఇది ముఖ్యమైన కేంద్రం. గుడి లోపల ఫొటోలు తీయడం నిషిద్ధం. తీస్తే ఊరివాళ్లు అస్సలు ఊరుకోరు. గ్యాసున్న పానీయం తాగి తేనిస్తే ఒంట్లోని చెడు బయటికి పోతుందని ఇక్కడివాళ్ల నమ్మకమంటూ పర్యటకులకు గైడ్లు చెబుతుంటారు. ఆ మాట వినగానే చాలామంది నవ్వేస్తారు. కానీ ఆ సీసా గుడిలోకి ఎలా వచ్చిందో తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

సారా పోయి సోడా వచ్చె

ఒకప్పుడు ఈ కొండల్లో ఏ కార్యం జరిగినా పోష్ పారాల్సిందే. పండగకి సారా, పెళ్లికి సారా, వైద్యానికి సారా. పదవిలో ఉన్న పెద్దమనిషి ఇచ్చిన గ్లాసు వద్దనడం అమర్యాద. దాంతో మగవాళ్లు తాగి పడిపోవడం, ఇంట్లో ఆడవాళ్లకు దెబ్బలు, ఇంటిమీద అప్పులు. మన పల్లెల్లో సారా వ్యతిరేక ఉద్యమం నాటి రోజులు గుర్తున్నవారికి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడా ఆడవాళ్లే ఎదురుతిరిగారు. చమూలాకు పొరుగునున్న చెనాల్హో గ్రామంలో ఉండి పరిశోధించిన క్రిస్టీన్ ఎబర్ అనే మానవ శాస్త్రవేత్త, తన 1995 నాటి పుస్తకంలో ఆ మహిళల కథను రాశారు. పూజలు మానకుండానే గ్లాసులోని సారా మానాలని వారు కోరుకున్నారు. అప్పుడు అందుబాటులో కనిపించింది సోడా. చేతులు మారుతూ అందరికీ పంచే పద్ధతి అలాగే ఉంది. పోసేది మాత్రం మారింది. మతం మారినవారు మద్యం ముట్టకపోవడం, 1994లో తిరుగుబాటు చేసిన జపాటిస్టాలు తమ గ్రామాల్లో మహిళల ఒత్తిడితో మద్యాన్ని నిషేధించడం కూడా ఆ మార్పుకు తోడయ్యాయి.

అంటే, ఇప్పుడు అందరూ తప్పుపడుతున్న ఆ తీపి పానీయం ఒకప్పుడు ‘ఆరోగ్యకరమైన మార్పు’గానే ఆ గుడి మెట్లెక్కింది!

వ్యాపారం కూడా ఊరుకోలేదు. సారా అమ్మకం ఎవరి చేతిలో ఉంటే ఊళ్లో పెత్తనం వారిదే అన్నట్టుండేది. అలాంటి పెత్తందార్లే కూల్‌డ్రింకుల ఏజెన్సీలూ పట్టారు. దారులు సరిగా లేని ఊరికి కూడా సీసాల లారీ చేరేది. త్సోట్సిల్, త్సెల్తాల్ భాషల్లో ప్రకటనల బోర్డులు వెలిశాయి. ఆసుపత్రి బోర్డుమీద కనిపించని తమ భాష కూల్‌డ్రింకు బోర్డుమీద కనిపిస్తే ఎవరికి ముద్దు రాదు? క్రమంగా సీసా ఒక హోదా అయింది. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లిస్తే నామోషీ, కోలా ఇస్తే గౌరవం.

వాన ఉంది... నీళ్లు లేవు

చమూలా నుంచి పది కిలోమీటర్లు కిందికి దిగితే శాన్ క్రిస్తోబల్ దె లాస్ కాసాస్. సముద్రమట్టానికి 2,100 మీటర్లకు పైగా ఎత్తున, చుట్టూ పైన్ అడవుల మధ్య 1528లో స్పెయిన్‌వాళ్లు కట్టిన నగరం. రాళ్లు పరిచిన వీధులు, ఎర్రపెంకుల ఇళ్లు, పసుపు రంగు చర్చి, ఉన్ని దుప్పట్లు అమ్మే మాయా స్త్రీలు... పర్యటకులు రోజుల తరబడి ఇక్కడే ఉండిపోతుంటారు.

ఆ నగరం అంచున వితెపెక్ అనే పాత అగ్నిపర్వతం ఉంది. దాని పాదాల దగ్గరే కోకా కోలా సీసాలు నింపే కర్మాగారం. నడిపేది ఫెమ్సా అనే మెక్సికన్ సంస్థ. అక్కడి బావుల నుంచి రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీరు తోడుకోవడానికి దానికి ప్రభుత్వ అనుమతి ఉంది. అదే నగరంలో కొన్ని పేటల కుళాయిల్లో వారానికి కొన్ని రోజులే నీళ్లొస్తాయి. మిగతా రోజుల్లో ట్యాంకరు కొనుక్కోవాల్సిందే. వచ్చిన నీళ్లు కూడా నేరుగా తాగడానికి పనికిరావు. నగరంలోని మురుగు శుద్ధి కాకుండానే వాగుల్లో కలుస్తుంది.

తాము తోడేది చాలా లోతు నీరనీ, ఊరికి నీళ్లిచ్చే ఊటలకూ దానికీ సంబంధం లేదనీ కంపెనీ అంటుంది. నగరం అడ్డూఅదుపూ లేకుండా పెరగడం, పైపులు పాతబడటం, సర్కారు పెట్టుబడి పెట్టకపోవడం అసలు కారణాలని వాదిస్తుంది. ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ ఖాళీ బిందె పట్టుకున్న మనిషికి కొండకింద నిండుతున్న సీసాలే కనిపిస్తాయి. 2017 ఏప్రిల్‌లో కర్మాగారాన్ని మూసెయ్యాలంటూ శిలువలు పట్టుకుని జనం ఊరేగింపు తీశారు.

ఇంతకీ చియాపాస్ ఎండిన నేలేం కాదు. మెక్సికోలో బాగా వానలు పడే రాష్ట్రాల్లో ఇదొకటి. గ్రిహాల్వా నదిమీద కట్టిన భారీ ఆనకట్టలు దేశానికి కరెంటునిస్తున్నాయి. అంత నీరున్న చోట తాగడానికి నీళ్లు దొరకవు. కొండమీది చిన్న దుకాణంలో నీళ్ల సీసా ధరా, కోలా సీసా ధరా చాలాసార్లు ఒకటే. అదే డబ్బుకి తీపీ, చల్లదనం, మర్యాదా వస్తుంటే మామూలు నీళ్లెవరు కొంటారు?

మన పొరుగున కేరళలోనూ ఇలాంటి తగువే నడిచింది. పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో మొదలైన కోలా కర్మాగారం తమ బావుల్ని పాడుచేసిందంటూ 2002లో ఆదివాసీలు గేటు ముందు దీక్షకు కూర్చున్నారు. 2004లో అది మూతపడింది. శాన్ క్రిస్తోబల్‌లో మాత్రం సీసాలు నిండుతూనే ఉన్నాయి.

పన్నెండు చెంచాలు

చియాపాస్‌లో ఒక్కొక్కరూ ఏడాదికి 821 లీటర్ల కూల్‌డ్రింకు తాగుతున్నారని 2019లో అక్కడి పరిశోధకులు అంచనా వేశారు. రోజుకు రెండు లీటర్లపైనే! ఆ లెక్క మరీ ఎక్కువనేవారున్నారు. అందులో సగమే నిజమనుకున్నా సగమూ ఎక్కువే. మామూలు కోలాలో వంద మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 600 మిల్లీలీటర్ల సీసా తాగితే పన్నెండు చెంచాల చక్కెర లోపలికి పోయినట్టే. రోజు మొత్తంమీద విడిగా చేర్చిన చక్కెర ఆరు చెంచాలు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఆ పన్నెండు చెంచాల లెక్కనే మెక్సికోలోని వినియోగదారుల సంఘాలు ప్రచారాస్త్రంగా మలుచుకున్నాయి. ‘పన్నెండు చెంచాల చక్కెర తింటారా? మరి తాగుతున్నారెందుకు?’ అన్న అర్థం వచ్చే పోస్టర్లు మెక్సికో సిటీలో కనిపించాయి. కొండల్లో ఆ పోస్టరు ఒక్కటే చాలదు. మధుమేహం తీపి వల్ల వస్తుందని అక్కడ చాలామంది అనుకోరు. పెద్ద జడుపు వల్లో, పట్టరాని కోపం వల్లో వస్తుందని నమ్ముతారు. మన పల్లెల్లో జ్వరం రాగానే ‘పిల్లాడు జడుసుకున్నాడు’ అనడం లాంటిదే ఇదీ. పైగా లాటిన్ అమెరికాలోని మూలవాసుల్లో చాలామందికి మధుమేహం ముప్పును పెంచే ఓ జన్యు తేడా ఉందని 2014లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అంటే ఇతరులకు పది సీసాలు చేసే చేటు, వీరికి ఇంకా తక్కువకే చేయొచ్చు.

2013-16 మధ్య చియాపాస్‌లో మధుమేహ మరణాల రేటు 30 శాతం పెరిగింది. 2016 నవంబరులో మెక్సికో ప్రభుత్వం స్థూలకాయం, మధుమేహాలను ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. అంటురోగాలకు వాడే ఆ మాటను అంటుకోని జబ్బుకు వాడటం ఆ దేశంలో అదే మొదటిసారి.

అక్కడి అంబలి

కొండ దిగి పడమటికి వెళ్తే ఎండ వేడెక్కుతుంది. గ్రిహాల్వా ఒడ్డున చియాపా దె కోర్సో అనే పాత ఊరు. మిట్టమధ్యాహ్నం ఆ ఊరి చావడి దగ్గర జనం ఆగే చోట ఒక పెద్ద పాత్ర ఉంటుంది. అందులోంచి ముంచి, ఎండిన కాయ డొల్లతో చేసిన హికారా అనే బుర్రలో పోసిస్తారు. అదే పొసోల్.

తయారీ వింటే మనకు ఏమాత్రం కొత్తగా అనిపించదు. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, కడిగి, ముద్దగా రుబ్బుతారు. ఆ ముద్దను అరిటాకులో చుట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులుపెక్కుతుంది. కావాల్సినప్పుడల్లా చిన్న ముద్ద తీసి నీళ్లలో పిసికి తాగడమే. సున్నంలో ఉడకడం వల్ల మొక్కజొన్నలోని పోషకాలు ఒంటికి పడతాయి. పొలానికి వెళ్లే రైతు చేతిసంచిలో ఈ ముద్దా, ఓ బుర్రా ఉంటే చాలు. ఆకలీ తీరుతుంది, దాహమూ తీరుతుంది. కొందరు ఉప్పూ మిరపకాయా నంజుకుంటారు. కొందరు కొకోవా గింజలు వేయించి కలుపుతారు. మన జొన్న అంబలీ, రాగి జావా, ఏజెన్సీ గ్రామాల్లో సొరకాయ బుర్రలో పోసుకుని అడవికి పట్టుకెళ్లే జావా... అన్నిటికీ ఇది దూరపు చుట్టమే.

మాయా ప్రజలు స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ తాగుతున్న పానీయమిది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్లుగా ఇందులోని సూక్ష్మజీవుల్ని పరిశోధిస్తున్నారు. దీనికో చిక్కు కూడా ఉంది. పొసోల్ అనగానే పల్లెటూరి తాగుడని పట్నం చదువుల పిల్లలు చిన్నచూపు చూడటం అలవాటైంది. మన దగ్గర అంబలికి జరిగినట్టే. పైగా బజారులో అమ్మే కొకోవా పొసోల్‌లో కొందరు చక్కెర దట్టంగా కలిపేస్తున్నారు. పాత బుర్రలో కొత్త తీపి పోస్తే ఉపయోగం ఏముంటుంది? చక్కెర లేని తెల్ల పొసోలే తాగమని పోషకాహార నిపుణులు చెప్పేది అందుకే. అయితే ఆ పొసోల్ కలపడానికీ ముందు మంచి నీళ్లు కావాలి!

పన్ను, నల్ల గుర్తు, బడి

2000 నుంచి 2006 దాకా మెక్సికో అధ్యక్షుడిగా ఉన్న విసెంతె ఫాక్స్, రాజకీయాల్లోకి రాకముందు కోకా కోలా మెక్సికో విభాగానికి అధిపతి. అలాంటి దేశంలో కూల్‌డ్రింకులమీద పన్ను వేయడమంటే మాటలా? అయినా 2014 జనవరిలో లీటరుకు ఒక పెసో చొప్పున పన్ను మొదలైంది. మొదటి ఏడాది కొనుగోళ్లు 5.5 శాతం, రెండో ఏడాది 9.7 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కకట్టారు. పేద ఇళ్లలో తగ్గుదల ఇంకా ఎక్కువ. నీళ్ల సీసాల అమ్మకాలు పెరిగాయి. 2026 జనవరి నుంచి ఆ పన్ను లీటరుకు మూడు పెసోలు దాటింది.

2020 జూలైలో చియాపాస్ వచ్చిన ఆరోగ్యశాఖ ఉపమంత్రి హ్యూగో లోపెజ్ గతేల్ కూల్‌డ్రింకుల్ని ‘సీసాలో నింపిన విషం’ అని పేరుపెట్టారు. అదే ఏడాది అక్టోబరు నుంచి చక్కెర మితిమీరిన ప్రతి సీసామీదా, పొట్లంమీదా ఎనిమిది మూలల నల్లటి గుర్తు తప్పనిసరైంది. స్పానిష్ చదవడం రాని అవ్వకూ నల్ల గుర్తు కనిపిస్తే జాగ్రత్తపడాలన్న సంగతి తెలుస్తుంది. 2025 మార్చి 29 నుంచి దేశంలోని బడుల్లో కూల్‌డ్రింకులు, చిరుతిళ్ల పొట్లాలు అమ్మడాన్ని నిషేధించారు. వాటి బదులు పండ్లూ, గింజలూ, మంచినీళ్లూ ఉండాలన్నారు.

బడిలో మంచినీళ్లంటే మళ్లీ కథ మొదటికొచ్చినట్టే. పన్ను వేసినప్పుడే ఆ డబ్బుతో బడుల్లో తాగునీటి కుళాయిలు పెడతామని మాటిచ్చారు. 2014లో చట్టమూ చేశారు. ఆ కుళాయిలు అన్ని బడులకూ చేరలేదు. కొండమీది బడికి పైపులైనే లేకపోతే కుళాయిలోకి నీళ్లెక్కణ్నుంచి వస్తాయి?

ఈ ఖాళీని పూరించేందుకు శాన్ క్రిస్తోబల్‌లో కాంతారో అసూల్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. ఆ పేరుకు అర్థం ‘నీలి కుండ’. 2006లో మొదలైంది. నీటిని అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేసే చిన్నపాటి పరికరాల్ని ఇళ్లకూ బడులకూ చేరుస్తోంది. వాటి పేరు ‘మెసితా అసూల్’, అంటే నీలి బల్ల. మరిగించడానికి కట్టెలు అక్కర్లేదు, క్లోరిన్ వాసన ఉండదు. ఈ వాసన సంగతి చిన్నదేమీ కాదు. మందు వాసన కొట్టే నీళ్లు పిల్లలు ముట్టరు, చక్కగా వెళ్లి సీసా కొనుక్కుంటారు.

ఇది ఒక్క చియాపాస్ కథే కాదు. అమెరికాలోని నవాహో మూలవాసులు 2014 చివర్లో తమ ప్రాంతంలో తీపి పానీయాలూ చెత్త తిండిమీద రెండు శాతం అదనపు పన్ను వేసుకున్నారు. తాజా పండ్లూ కూరగాయలమీద పన్ను ఎత్తేశారు. వచ్చిన సొమ్మును తమ ఊళ్ల ఆరోగ్య పనులకే పంచుకుంటున్నారు. పైవాళ్లు చెబితే చేసింది కాదది, వాళ్లకు వాళ్లే కూర్చుని చేసుకున్న చట్టం. అక్కడా చాలా ఇళ్లకు కుళాయి నీళ్లు లేవు.

మళ్లీ గుడి దగ్గర

ఆదివారం వస్తే చమూలా గుడి ముందు మైదానమంతా సంతే. నల్లటి ఉన్ని లంగాలు కట్టిన ఆడవాళ్లు టమోటాలూ చిక్కుళ్లూ కుప్పలు పోసి కూర్చుంటారు. తెల్లటి ఉన్ని అంగీల్లో ఊరి పెద్దలు తిరుగుతుంటారు. ఒకవైపు పైన్ ఆకుల మోపులు, కొవ్వొత్తుల కట్టలు. ఇంకోవైపు పేర్చిన సీసాల పెట్టెలు. గుడిలోకి వెళ్లేవాళ్లు రెండువైపులా ఆగి కొనుక్కుంటారు.

ఆ పెట్టెల్ని చూసి ‘వీళ్లు మారరు’ అని పెదవి విరవడం తేలిక. నిజానికి వీళ్లు ఒకసారి మారి చూపించారు. వందల ఏళ్ల సారాను, దేవుడికి కోపం వస్తుందన్న భయాన్నీ దాటి, గ్లాసులోంచి తీసేశారు. ఆ పని చేయించింది బయటి నుంచి వచ్చిన పోస్టరు కాదు. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు. ఇప్పుడు ఇంట్లో కాలి పుండు మానని తండ్రినీ, చూపు మందగించిన అత్తనూ చూసుకుంటున్నదీ ఆ ఆడవాళ్ల కూతుళ్లే. సీసా సంగతి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మనం తాగే నీళ్లకు మన భాషలో ‘మంచినీళ్లు’ అని పేరు. చియాపాస్ కొండల్లో దొరకనివి ఆ మంచినీళ్లే. అవి ఇంటి కుళాయిలో ప్రతిరోజూ వస్తే, బడిలో వాసన లేకుండా దొరికితే, అరిటాకులోని ముద్ద కలపడానికి బుర్రలోకి భయం లేకుండా వంపుకోగలిగితే, గుడి ముందు ఆ పెట్టెల వరస దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా చమూలా సంతకు వచ్చే తల్లి చేతిలో రెండు సీసాల డబ్బులుంటాయి. దాహమన్న బిడ్డకు ఏది కొనాలో ఆమెకు తెలియక కాదు. రెంటిలో ఏది దొరుకుతుందన్నదే ప్రశ్న.